టాపు మీది మనిషి

అన్యాయం ఎవరికి జరిగింది? బయమ్మకు జరిగింది. ఎలా జరిగింది? వడదెబ్బ తగిలి పడిపోయిన మనిషిని కారు లోపల పడుకోబెట్టకుండా, టాపు మీద, నడి ఎండలో, వేరుసెనగ మూటను కట్టినట్టు తాడుతో కట్టి తీసుకుపోయారు. ఎవరు చేశారు? మా నాయన, కాంట్రాక్టరు అంజినప్ప. ఈ మాటలను మా ఇంట్లో ఎవరూ ఇంత సూటిగా అనలేదు. అందుకే వాటితోనే మొదలుపెడుతున్నాను.

అది యాభై రెండో సంవత్సరపు కరువు. కళ్యాణదుర్గం వైపు రోడ్డుకు కంకర కొట్టే కరువు పనిని ప్రభుత్వం పెట్టింది. కాంట్రాక్టు మా నాయనది. బయమ్మ మా ఊరి మనిషి. అప్పటి మాటలో చెప్పాలంటే హరిజనవాడ మనిషి. మధ్యాహ్నం గంజి పోయడానికి ముందే రాళ్ళ గుట్ట పక్కన ఒరిగిపోయింది. మా నాయన కారు అక్కడే ఉంది. బళ్లారిలో కొన్న నల్లటి ఫోర్డు కారు అది, సీట్లకు కొత్త గుడ్డ వేయించి నెల కాలేదు. లోపల పడుకోబెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. గుడ్డ పాడవుతుందని చెప్పాడు. అసలు కారణం ఏమిటో చెప్పవలసిన అవసరం ఆ రోజుల్లో ఎవరికీ ఉండేది కాదు.

మా ప్రాంతంలో బండి టాపు మీద ఎక్కడం వింత కాదు. ఈనాటికీ సంత రోజున జీపుల మీద లోపలికంటే పైనే ఎక్కువ మంది ఉంటారు. పైనున్నవాళ్ళు దిగవలసిన చోటు రాగానే అరచేత్తో రేకును రెండుసార్లు చరుస్తారు. డ్రైవరు ఆపుతాడు. ఎంత తొందరలో ఉన్నా, ఎంత గర్వపోతు డ్రైవరైనా ఆపుతాడు. ఆ చప్పుడు విని ఆపకపోవడం మా దగ్గర లేదు.

దారిలో ఎర్రవంక అనే ఎండిన వాగు ఇసుకలోకి కారు దిగినప్పుడు బయమ్మ టాపును చరిచింది. డ్రైవరు గురప్ప బ్రేకు మీద కాలు పెట్టాడు. పక్కన కూర్చున్న మా నాయన "పోనీ" అన్నాడు. వంక దాటేదాకా ఆమె చరుస్తూనే ఉంది. అవతలి గట్టు ఎక్కాక చప్పుడు ఆగింది. ఆ తర్వాత చాలా దూరం పోయి, దిగి చూసి, ఇక అనంతపురం ఆసుపత్రితో పని లేదని మా నాయన కారును వెనక్కి తిప్పించాడు. ఊరు మాత్రం ఆయనను మెచ్చుకుంది. కూలి మనిషికి సొంత కారు ఇచ్చిన పెద్దమనిషి అన్నది.

నేనప్పుడు బళ్లారి కాన్వెంటులో చదువుతున్నాను. సెలవులకు వచ్చినప్పుడు గురప్ప నాకు చెప్పాడు. భోజనాల దగ్గర మా నాయనను అడిగాను: "ఎందుకు ఆపలేదు?" ఆయన మజ్జిగ వడ్డించమన్నాడు. ఆయన బతికినన్నాళ్ళూ ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. పోయేముందు ఆయన పొలాలను మా అన్నకు, కారును నాకు ఇచ్చాడు. నేను కోరింది కారును కాదు.

అప్పటినుంచి అది మా పెరటి షెడ్డులో ఉంది. రెండువేల రెండో సంవత్సరంలో మా అన్న కొడుకు తిప్పేష్ దాని మీద కన్ను వేశాడు. ఆ ఏడు కూడా వాన లేదు. విత్తిన వేరుసెనగ మట్టిలోనే ఉండిపోయింది. పొలం పని లేక తిప్పేష్ చేతులకు దురద పుట్టింది. ఏదో విదేశీ పత్రిక పట్టుకుని వచ్చాడు.

"దీన్ని హాట్ రాడ్ అంటారత్తా. పాత బాడీ, కొత్త ఇంజను. బెంగుళూరులో పాత కార్ల పందెం పెడతాండారు. మన ఫోర్డుకు జీపు ఇంజను ఎక్కిస్తే దాని ముందర ఎవడూ నిలబడడు."

"హాట్ రాడ్ అంటే కాల్చిన ఇనుప కడ్డీ" అన్నాను. "పేరు మన ఊరికి సరిపోయింది."

అతడు అనంతపురం నుంచి యేసన్న అనే బాడీ మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. యేసన్న కారు చుట్టూ తిరిగి, తలుపు గుంజి చూసి, కింద పడుకుని చూసి, లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"ఇంజను కూర్చుంటాది, మేడం. దానికి దిగులు లేదు. ఒకటే అడగాల. టాపు ఉంచల్నా, కొయ్యల్నా?"

"కొయ్యాల" అన్నాడు తిప్పేష్. "ఓపెన్ ఉంటేనే కత. టాపు మూసినాక లోపల ఎవడుండాడో ఎవనికి తెలుస్తాది?"

"కోసేదేం పెద్ద పని కాదన్నా. కోసినాక ఉంటాది పని. టాపు పోతే బండికి నడుము పోయినట్లే. తలుపుల కింద గడ్డర్లు ఏసి బిగించల్ల. అదిగాక ఈ ఎండకు టాపు లేని కారులో నువ్వు బెంగుళూరు చేరేలోగా అప్పడమైతావు."

"అప్పడమైనా పర్వాలేదు. జనం నన్ను సూడల్ల."

"నిన్ను చూసి వాళ్ళేం చేసుకుంటారు?" అన్నాను.

యేసన్న నవ్వు ఆపుకోలేక కారు వెనక్కి పోయాడు.

నాకు మాత్రం అది నవ్వులాట కాదు. ఏ రేకు మీద ఒక మనిషి ప్రాణం పోయిందో ఆ రేకును ఉంచాలా, తీసేయాలా అన్నదే నాకు వినిపించిన ప్రశ్న. నేరానికి వాడిన వస్తువును నాశనం చేయడం న్యాయమని ఒక మనసు. సాక్షిని మాయం చేయడం అన్యాయమని మరొక మనసు. తీర్పు చెప్పవలసింది నేను కాదు. బయమ్మ కూతురు పెద్దక్క ఊళ్ళోనే ఉంది. ఆమెను పిలిపించాను.

పెద్దక్క వచ్చి షెడ్డు గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. కారును చూడకుండా నన్నే చూస్తూ మాట్లాడింది.

"ఆ పొద్దు నేను కారెనకాల పరిగెత్తినానమ్మా. దుమ్ములో మాయమ్మ కాలు ఒగటి కనపడతా ఉన్నింది. అంతే నాకు గుర్తు."

"ఈ టాపును ఏం చేయమంటావు?"

"నన్నెందుకడగతారు? మీ కారు."

"నిన్నే అడగాలి. మా ఇల్లు మీకు బాకీ ఉంది."

 ఆమె అంది: "ఊరోళ్ళకందరికీ సచ్చిపోయినోళ్ళు కలలో ఇంట్లో కనపడతారు, పొయ్యికాడ కనపడతారు. మాయమ్మ నాకు ఎప్పుడూ టాపు మీదనే కనపడతాది. కండ్లు తెరిసి సూస్తా ఉంటాది, దిగదు. కోసేయండమ్మా. అది లేకుంటే యాడన్నా దిగతాదేమో."

ఆ రోజే నిర్ణయమైంది. ఓపెన్.

ఇంజను కూర్చోబెట్టడానికి వర్షాకాలం అనుకునే నెలలన్నీ పట్టాయి. చుక్క రాలలేదు. చివరిగా యేసన్న సుద్దముక్కతో టాపు చుట్టూ గీత గీశాడు, గ్యాసు కట్టరు వెలిగించాడు. టాపును మోసే ముందు స్తంభాలను కోశాడు, తర్వాత వెనకవి. నలుగురు పట్టి టాపును ఎత్తి గోడకు ఆనించారు. కారును నెట్టి పెరడు మధ్యకు తెచ్చారు. అక్కడ చెట్టు లేదు, పందిరి లేదు. సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉన్నాడు.

మొదట గమనించినవాడు యేసన్న. వెనక సీటు బోల్టు బిగించడానికి వంగినవాడు చేయి వెనక్కి తీసుకున్నాడు.

"అన్నా, ఈడ సల్లగుండాది."

ముందు సీట్ల మీద ఎండ భగ్గుమంటోంది. స్టీరింగు ముట్టుకుంటే కాలుతోంది. వెనక సీటు మొత్తం నీడలో ఉంది. చెట్టు నీడ అయితే కదులుతుంది, అంచులు మసకగా ఉంటాయి. ఈ నీడ కదలలేదు. టాపు ఉన్నప్పుడు వెనక సీటు మీద దాని నీడ ఎక్కడి దాకా పడేదో అక్కడి దాకా, కత్తిరించినట్టు నిలిచి ఉంది.

"మబ్బేమో" అన్నాడు తిప్పేష్. అందరం పైకి చూశాం. ఆకాశంలో మబ్బన్నది ఉండి ఉంటే ఊరంతా బయట నిలబడి ఉండేది.

తిప్పేష్ మొండివాడు. సీటునే ఊడదీయించి నేల మీద పెట్టించాడు. నేల మీద సీటుకు ఎండ తగిలింది, గుడ్డ వేడెక్కింది. కారులో సీటు ఉండిన ఖాళీ చోటు మాత్రం నీడలోనే ఉంది. నేను వెళ్ళి అందులో చేయి పెట్టాను. నీళ్ళ కడవ పక్కన చేయి పెట్టినట్టుంది. నా చేయి నీడ అందులో పడలేదు.

యేసన్న పనిముట్లు సర్దుకున్నాడు. "రేపొస్తాలే అన్నా" అన్నాడు. ఎటు చూస్తూ అన్నాడో నాకు తెలియలేదు.

"ఏమప్పా, మేస్త్రీవి, నీడకు భయపడతాండావా?" అన్నాడు తిప్పేష్.

"ఎండకు భయపడేటోన్ని సూసినావు కదన్నా ఇంతకాలం. ఇప్పుడు నీడకు భయపడేటోన్ని సూడు" అని అతడు వెళ్ళిపోయాడు.

తిప్పేష్ మర్నాడు సీటు తానే బిగించి, ఉదయం కారును ఒంటరిగా బయటికి తీశాడు. ఇంజను మోత ఊరంతా వినిపించింది. అనంతపురం వైపు పోయిన ఆ మోత కొంతసేపటికి ఆగిపోయింది. తర్వాత అతడు నడుచుకుంటూ వచ్చాడు. ముఖం మీద ఇసుక అంటుకుని ఉంది. పెద్దక్క అప్పుడు మా పెరటిలోనే ఉంది. ఆ నీడ సంగతి విని చూడటానికి వచ్చింది.

"ఇంజను ఆగిపోయిందా?" అన్నాను.

"లేదత్తా. నేనే నిలిపినా. ఎర్రవంకలో." గొంతు తడుపుకోవడానికి నీళ్ళు అడిగి తాగాడు. "ఎవరో టాపు మీద కొట్టినారు."

"టాపు లేదు కదా."

"లేదు. నెత్తిన ఆకాశమే ఉండాది. అయినా రేకు చప్పుడే. రెండు దెబ్బలు. చెయ్యి పైకెత్తి సూసినా, చేతికి ఏమీ తగల్లా. ఇంగా కొట్టినారు. అలవాటుకొద్దీ బ్రేకు ఏసినా. దిగండి అని గూడా అన్నానత్తా, నాకే సిగ్గైంది. ఎవరూ దిగలా. కొట్టతానే ఉండారు. కారును ఆడనే ఇడిసిపెట్టి వచ్చినా."

ఎర్రవంకలో టాపును చరిచిన సంగతి తిప్పేష్‌కు తెలియదు. మా అన్న తన పిల్లలకు ఆ కథ చెప్పలేదు. నేను పెద్దక్క వైపు చూశాను. ఆమె కూడా నా వైపే చూస్తోంది. చప్పుడు సంగతి గురప్ప ఆమెకూ చెప్పి ఉంటాడు.

"యాడ నుంచి దిగతాది?" అంది పెద్దక్క మెల్లగా. "టాపు తీసేస్తిమి. కాలు యాడ పెడతాది? చెయ్యి దేన్ని పట్టుకుంటాది?"

ఆమె గోడకు ఆనించిన టాపు దగ్గరికి నడిచింది.

"నేను తప్పు చెప్పినానమ్మా. టాపు పోతే దిగతాదనుకొంటి. మాయమ్మకు టాపు మీద కోపం లేదు. కారు నిలపల్ల, తాను దిగల్ల, లోపల నీడలో కూర్చోని ఆసుపత్రికి పోవల్ల. అంతే అడగతాండాది. అన్నేండ్ల నుంచీ అదే అడగతాండాది. లోపల నీడ సిద్ధం చేసుకోనుండాది. దిగే దోవ మనం తీసేస్తిమి."

"ఒరే తిప్పేషూ" అన్నాను, "టాపు మళ్ళీ అతికించాలి."

అతడు నోరు తెరిచాడు. బెంగుళూరు మాట ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. "యేసన్నను పిలుస్తా" అన్నాడు.

ట్రాక్టరు పెట్టి కారును ఇంటికి లాగించాం. యేసన్నను ఒప్పించడానికి తిప్పేష్ రెండుసార్లు అనంతపురం పోయిరావలసి వచ్చింది. వచ్చాక మాత్రం అతడు శ్రద్ధగా పనిచేశాడు. ఒక్కో స్తంభం నిలబెట్టి, టాపును దించి, వెల్డింగు చేశాడు. పని చేస్తున్నంతసేపూ వెనక సీటు వైపు పోలేదు. చివరికి నన్నడిగాడు:

"అతుకు కనపడకుండా లప్పం పెట్టి రంగు కొట్టమంటారా మేడం?"

"అక్కరలేదు. కనపడనీ."

మరుసటి రోజు మధ్యాహ్నం బయలుదేరాం. బయమ్మను తీసుకుపోయింది కూడా మధ్యాహ్నమే. తిప్పేష్ స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. అతడి పక్కన, మా నాయన కూర్చునే చోట, నేను కూర్చున్నాను. పెద్దక్క ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. వెనక తలుపు తీసి ఆమె కోసం పట్టుకున్నాను.

"భయంగా ఉందా?"

"నాకేం భయం? ఈ సీట్లో మేం కూర్చుంటామని భయపడింది మీ నాయన" అని ఆమె ఎక్కి, ఒక పక్కకు ఒదిగి కూర్చుంది.

ఊరు దాటాం. రెండు వైపులా బీడు పొలాలు. గొర్రెలవాళ్ళు కొందరు నిలబడి ఆ వింత కారును చూశారు. కొత్త ఇంజను మోత తప్ప మరో చప్పుడు లేదు. ఎర్రవంక గట్టు దిగగానే తిప్పేష్ వేగం తగ్గించాడు. చక్రాల కింద ఇసుక కరకరలాడింది.

రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

అది గట్టిగా కొట్టిన చప్పుడు కాదు. బలం లేని చేయి, వేళ్ళు ముందుగా, తర్వాత అరచేయి పడిన చప్పుడు. మా నెత్తిమీదనే. తిప్పేష్ బ్రేకు మీద కాలు పెట్టాడు. నా వైపు చూశాడు.

"ఆపు" అన్నాను.

అతడు ఆపాడు. ఇంజను కూడా ఆపేశాడు.

నేను దిగాను. ఇసుకలో కాలు కూరుకుపోయింది, చెప్పు ఊడింది. ఊడిన చెప్పును అక్కడే వదిలి, ఒంటి చెప్పుతో కారు చుట్టూ తిరిగి, పెద్దక్క లేని వైపున వెనక తలుపు తీశాను. టాపు మీదికి చూశాను. అక్కడ ఎవరూ లేరు. ఎండ, అతుకుల గీత, వాటి మీద వణుకుతున్న వేడిగాలి. ఎవరూ లేని చోటుతో మాట్లాడటం నా చదువుకు తగదు. అయినా మాట్లాడాను. మా ఇంటి తరఫున మాట్లాడవలసింది నేనే.

"బయమ్మా, కారు ఆగింది. దిగు. లోపల కూర్చో."

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత రేకు మీద బట్ట ఈడ్చిన చప్పుడైంది. కిటికీ అంచు మీది దుమ్ములో నాలుగు వేళ్ళ గుర్తులు పడ్డాయి. నేను చూస్తుండగానే పడ్డాయి. పాత కార్లకు తలుపు కింద ఉండే ఇనుప మెట్టు బరువుకు కొంచెం కుంగింది. నా మోచేతి పక్కనుంచి ఎండిన మట్టి వాసన, కంకర పొడి వాసన లోపలికి పోయింది. సీటు గుడ్డ ఒత్తుకుపోయింది. వెనక స్ప్రింగు కిర్రుమంది.

పెద్దక్క ఇంకొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. ఆమె భుజం మెల్లగా ఒక వైపుకు వాలింది, ఎవరో తల ఆనించుకున్నట్టు. ఆమె కదలకుండా కూర్చుంది.

నేను తలుపు వేశాను. ఈసారి గట్టు ఎక్కాక కూడా కారు ఆగలేదు, వెనక్కి తిరగలేదు. తిప్పేష్ అద్దంలోకి ఒక్కసారి కూడా చూడకుండా నడిపాడు. ఊరి పొలిమేరలు, రైలు గేటు, అనంతపురం వీధులు. ఆటోలవాళ్ళు ఏదో అరిచారు. పెద్దాసుపత్రి ముందు వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమప్పా, ఇది కారా, టపాకాయా? పేషెంటు ఎవరు?"

"వెనక ఉంది" అన్నాను.

అతడు వంగి వెనక సీట్లోకి చూశాడు. ఏం చూశాడో చెప్పలేదు. తల మీది టోపీ సరిచేసుకుని, "లోపలికి పోనీండి, మెట్ల కాడికి పోనీండి" అని గేటు బార్లా తెరిచాడు.

మెట్ల దగ్గర నేనే దిగి వెనక తలుపు తీశాను. తీసి, పక్కకు నిలబడ్డాను. మా ఇంటికి కలెక్టరు వచ్చిననాడు మా నాయన ఎలా నిలబడ్డాడో అలా. స్ప్రింగు పైకి లేచింది. ఒత్తుకుపోయిన గుడ్డ నెమ్మదిగా ఉబ్బింది. పెద్దక్క అటు వైపునుంచి దిగి వచ్చి, గాలిలో ఎవరి మోచేతినో పట్టుకున్నట్టు చేయి పెట్టి, ఒక్కొక్క మెట్టే ఆగి ఆగి ఎక్కింది. వరండా నీడలోకి పోయాక చేయి వదిలింది. కొంతసేపు లోపలి వైపు చూస్తూ నిలబడింది. మనుషులు ఆమెను తప్పించుకుని అటూ ఇటూ పోతున్నారు.

తిరిగి వచ్చినప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు లేవు.

"పాయెనమ్మా. ఎనక్కి గూడా సూడలా."

"కూర్చో పెద్దక్కా, ఇంటికి పోదాం."

"వద్దమ్మా. నేను బస్సుకు పోతా."

"కోపమా?"

"కోపమేంటికి? మీ నాయన మాయమ్మను ఆసుపత్రికి తోలుకపోతానని బయల్దేరినాడు. ఈ పొద్దుకు తోలుకొస్తిరి. ఇంగ మీ కారుతో నాకేం పనుండాది?"

ఆమె కొంగు నెత్తిన కప్పుకుని బస్టాండు వైపు నడిచిపోయింది. ఎవరినీ ఏమీ అడగవలసిన పని లేని మనిషి నడక అది. నేను టాపు మీద చేయి పెట్టి చూశాను. ఆ ఎండకు ఏ రేకైనా ఎంత కాలుతుందో అంతే కాలుతోంది.

మా ఇంటి బాకీ పూర్తిగా తీరింది.